సున్నా నంబరు ట్యూబు

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని చిన్నప్పటి నుంచీ ఇంట్లో అంటుంటారు. అబద్ధమేం కాదు. కాకపోతే ఆ ముక్కులో కోపం కాక ఇంకేముంటుందో తెలిసిరావడానికి నలభై ఆరేళ్లు పట్టింది. ఎవరెవరు నా వల్ల ఎంత పడ్డారో, పడి కూడా నన్నెలా కాచారో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసేది వైరస్‌ల జన్యువులు చదివే ల్యాబులో. వినడానికి పెద్ద మాటే గానీ పని అర్థం కానిదేం కాదు. క్లాసులో ఒకడి నోట్సు చూసి ఇంకొకడు కాపీ కొడితే తప్పులు కూడా దిగుతాయి కదా. ఆ తప్పుల్ని పట్టుకుని ఎవడు ఎవడి పక్కన కూర్చున్నాడో మాస్టారు చెప్పేస్తారు. వైరస్ కూడా అంతే. ముప్పై వేల అక్షరాల తన చిట్టాని తనే కాపీ కొట్టుకుంటూ ఒంట్లో పెరుగుతుంది, అప్పుడప్పుడూ ఒక అక్షరం తప్పు రాస్తుంది, ఆ తప్పు తర్వాతి మనిషికీ వెళుతుంది. ఆ అక్షరాలు చదివి ఏది కొత్త రకమో, ఎవరిది ఎవరి నుంచి వచ్చిందో చెప్పడం మా పని.

అయితే ఒక్క ల్యాబు కూర్చుని చదివితే లాభం లేదు. వైరస్ మనకి చెప్పి మారదు. అందుకని ఎనిమిది ఊళ్ల ల్యాబుల్ని కలిపి ఒక నెట్‌వర్క్ కట్టమని నాకు అప్పగించారు. అందరూ వారం వారం శాంపిళ్లు తీయాలి, ఒకే పద్ధతిలో నంబర్లు వేయాలి, చదివిన ఫలితం ఎనిమిది మందికీ ఒకేసారి కనపడాలి. అప్పుడు ఏ మూల కొత్త రకం తలెత్తినా ఆ వారమే తెలిసిపోతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి తొమ్మిది నెలలు కాళ్లరిగేలా తిరిగాను. ఒక చోట ఐసు దొరకదు. ఒక చోట శాంపిళ్ల ఫ్రిజ్ తెరిస్తే స్టాఫు అన్నం డబ్బాలు. యూనివర్సిటీ ల్యాబు ప్రొఫెసర్ గారైతే ఫలితాల జాబితా ఇవ్వమంటే, అదేదో ఆస్తి రాసిమ్మన్నట్టు చూశారు. "మా డేటా మాదండీ" అన్నది ఆయన పల్లవి. శాంపిళ్లు చదివిపెట్టేవారు, జాబితా మాత్రం దాచుకునేవారు. ఆయనతో నేను పోట్లాడని బుధవారం లేదు. ప్రతి బుధవారం పదకొండింటికి ఎనిమిది ల్యాబులూ కంప్యూటర్ తెర మీద కలిసేవాళ్లం మరి.

కొత్త ల్యాబుకు వెళ్లినప్పుడల్లా నాదో అలవాటు. ముక్కులోంచి శాంపిల్ తీయడం నేర్పేటప్పుడు ముందు నా ముక్కే ఇస్తాను. కళ్లలో నీళ్లు తిరిగినా సరే, నవ్వుతూ కూర్చుంటాను. పుల్ల ఎంత లోపలికి వెళ్లాలో తెలియక భయపడేవాళ్లకి అది చూస్తే ధైర్యం వస్తుంది. ఆ ట్యూబు మీద మూడు సున్నాలు వేయిస్తాను. నంబరు వేయడం, మూత బిగించడం, ఫారం నింపడం, ఐసు పెట్టెలో సర్దడం, అన్నీ ఆ సున్నా నంబరు ట్యూబుతోనే నేర్పి సాయంత్రం పారేయమంటాను. దాన్ని టెస్టు చేసే పనే లేదు. నా ముక్కులో ఏముంటుందిలే అని నా ధీమా.

ఎనిమిదో ల్యాబు అన్నిటికంటే చిన్నది. రెండు గదులు, గోడ కింద చెక్క బల్ల, తలుపు గట్టిగా తోస్తే గానీ పడని పాత ఫ్రిజ్, ఒకే ఒక్క టెక్నీషియన్. ఆయన్ని ఆసుపత్రిలో అందరూ భద్రం గారంటారు. అది పెట్టిన పేరు కాదు, వచ్చిన పేరు. ఆయన దేన్నీ పారేయడు. మందుల పెట్టెలు, రబ్బరు బ్యాండ్లు, అయిపోయిన పెన్నుల గొట్టాలు, సీసా మూతలు, అన్నీ సొరుగుల్లో భద్రంగా ఉంటాయి, ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతాడు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. నేను గట్టిగా మాట్లాడితే ఆయన ఇంకా నెమ్మదిగా మాట్లాడతాడు, దాంతో నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

అదే ఆసుపత్రిలో డయాలిసిస్ వార్డు ఇన్‌చార్జి మా వదిన, అంటే మా అన్నయ్య భార్య. కిడ్నీలు పనిచేయని వాళ్లకి వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేసే వార్డు అది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతుల మీదుగా నడుస్తోంది. జలుబుతో ఉన్నవాళ్లని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది, వచ్చింది డాక్టరైనా సరే. ఆ రోగులకి చిన్న జ్వరం కూడా చిన్నది కాదు.

నేను ఆ ల్యాబుకు వెళ్లింది ఒక గురువారం. పొద్దున్నించే గొంతు బొంగురుపోయింది. రోజూ అరిచే గొంతే కదా, అరిచి అరిచి అరిగిపోయిందనుకున్నాను. భద్రం గారి చేత నా ముక్కులోంచి శాంపిల్ తీయించాను, సున్నాలు వేయించాను, మధ్యాహ్నం దాకా నేర్పాను. భోజనానికి వదిన దగ్గరకు వెళ్లాను. గుమ్మంలోనే నా గొంతు విని ఆవిడ ఆగింది. ఒంట్లో బాగుందా అని అడిగింది. భద్రం గారికి నేర్పితే ఎవరి గొంతైనా ఇలాగే అవుతుందని నవ్వేశాను. మాస్కు తీయకుండా లోపలికి వెళ్లి ఆవిడ గదిలో కూర్చోమని చెప్పింది.

కూర్చుంటే బాగానే ఉండేది. కిటికీ వరసలో మూడు మంచాల మీద ముగ్గురు రోగులున్నారు. అందులో ఒకాయన ముప్పై ఏళ్లు బస్సు నడిపిన డ్రైవర్ తాతగారు. నాలుగు గంటలు మిషన్‌కి కట్టేసి ఉంటారేమో, మనిషి కనపడితే చాలు మాటల్లోకి దించుతారు. నువ్వేం పని చేస్తావమ్మాయీ అని అడిగారు. నా పని గురించి అడిగితే నన్ను ఆపడం దేవుడి తరం కూడా కాదు. వైరస్ గురించి, అక్షరాల గురించి, ఎనిమిది ల్యాబుల గురించి మొదలుపెట్టాను. మిషన్ల చప్పుడుకి వినపడటం లేదన్నారు. మాస్కు గడ్డం కిందికి లాగి, ముగ్గురి మధ్యా నిలబడి, గొంతు పెంచి మరీ చెప్పాను. ముగ్గురూ ముచ్చటగా విన్నారు. "మరి ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఎట్లా పట్టుకుంటారు?" అని తాతగారు అడిగేసరికి, మందుల గదిలోంచి వదిన వచ్చి నా వంక ఒక్క చూపు చూసింది. నేను గబుక్కున మాస్కు పైకి లాక్కుని, మిగతాది ఈసారి వచ్చినప్పుడు చెబుతానని మాటిచ్చి గదిలోకి పోయాను. ఆ రోజు వదిన నాతో సరిగ్గా మాట్లాడలేదు. నలుగురిలో పరువు తీశానని కోపమనుకున్నాను.

శని, ఆదివారాలు కాస్త జలుబు చేసింది. ఇంట్లో నేనొక్కదాన్నే, వేడినీళ్లు తాగి పడుకున్నాను. ఊరందరికీ టెస్టులు చేయించే దాన్ని, నాకు మాత్రం చేసుకోవాలని తట్టలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

సోమవారం వదినకి పాజిటివ్ వచ్చింది. మంగళ, బుధవారాల్లో కిటికీ వరసలోని ముగ్గురికీ వచ్చింది. ముగ్గుర్నీ పెద్దాసుపత్రికి మార్చారు. డ్రైవర్ తాతగారికి ఆరు రోజులు ఆక్సిజన్ పెట్టారు. దేవుడి దయ, డాక్టర్ల చలవ, ముగ్గురూ బయటపడ్డారు. కానీ మొదట పాజిటివ్ వచ్చింది వదినకి కాబట్టి, ఒంట్లో బాగాలేకపోయినా దాచిపెట్టి డ్యూటీకి వచ్చిందని సూపరింటెండెంటు గారు ఆవిడని ఇంట్లో కూర్చోబెట్టి కమిటీ వేశారు. మూడు వారాల తర్వాత శుక్రవారం తేలుస్తామన్నారు. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం సంగతి అటుంచండి, ఇరవై రెండేళ్లు గుమ్మంలో కాపలా కాసిన మనిషికి, లోపలున్న దొంగవి నువ్వే అంటే ఎలా ఉంటుంది? అన్నయ్య ఫోన్ చేసి, వదిన సరిగ్గా అన్నం తినడం లేదని చెప్పాడు.

నేను వెంటనే వదినకి ఫోన్ చేశాను. మీ నలుగురి లెక్క నాకు వదిలెయ్యి అన్నట్టు, పెద్ద ఆరిందాలా మాట్లాడాను. శాంపిళ్లు చదివిస్తాను, నీ వైరస్ వేరు, వాళ్ల వైరస్ వేరు అని కాగితం మీద పెట్టి కమిటీ నోరు మూయిస్తానన్నాను.

"వద్దులే. వదిలెయ్. ఎట్లా రాసుంటే అట్లా అవుతుంది" అంది వదిన.

నాకు ఒళ్లు మండింది. ఇంత పని తెలిసినదాన్ని పెట్టుకుని తలరాత అంటావేంటని కేకలేసి ఫోన్ పెట్టేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ఎందుకు వెనక్కి తగ్గుతోందా అని ఒక్క క్షణం అనుమానం కూడా పడ్డాను. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే సిగ్గేస్తుంది.

వదిన నాకు బంధువని పై అధికారికి రాసిచ్చి నేను పక్కకు తప్పుకున్నాను. ముగ్గురు రోగుల ట్యూబులు, వదిన ట్యూబు భద్రం గారే సిద్ధం చేసి, వాటితో పాటు ఒక కంట్రోల్ కూడా పెట్టి పంపాడు. కంట్రోల్ అంటే వైరస్ లేని మనిషి శాంపిల్. ప్రతి బ్యాచ్‌లో అలాంటిది ఒకటి పెట్టి తీరాలని నేనే నేర్పాను. దాంట్లో కూడా వైరస్ కనపడిందంటే ఎక్కడో ఒక ట్యూబులో చుక్క ఇంకో ట్యూబులో పడిందని అర్థం, అప్పుడు బ్యాచ్ మొత్తం పనికిరాదు. మా ల్యాబులో వేరేవాళ్లు చదివారు. కమిటీకి ఇంకా తొమ్మిది రోజులుందనగా, బుధవారం మీటింగులో ఎనిమిది ల్యాబుల ఎదుటా ఫలితం తెర మీదికి వచ్చింది.

రోగుల మూడూ ఒకేలా ఉన్నాయి. వదినది దాదాపు అలాగే ఉంది. కంట్రోల్ నిండా వైరస్సే.

నా గుండె జారిపోయింది. గుండె జారితే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. భద్రం గారి మీద పడ్డాను. చెప్పింది చెప్పినట్టు చేయడానికేం రోగం అన్నాను. పాత డబ్బాలు కడిగి కడిగి వాడితే ఇంతే అన్నాను. ఒక మనిషి జీవితం మీ చేతిలో పెడితే చుక్కలు కలిపి పెట్టారన్నాను. ఏడు ల్యాబులవాళ్లూ తలలు దించుకున్నారు.

భద్రం గారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక్కో ట్యూబూ విడివిడిగా తెరిచానని, ఏదీ కలవలేదని, అంత మాత్రమే చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాను గానీ ఇదెక్కడి గోల అని నేను మీటింగు ముగించాను.

పది నిమిషాల తర్వాత ఆయన నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, అందరి ముందూ చెప్పలేదు. ఆ కంట్రోలు మీదే. ఆ గురువారం నాటి సున్నా నంబరు ట్యూబు. పారేయమన్నారు గానీ నాకు చేతులు రాలేదు. కంట్రోలు కావాలంటే, మీకంటే జాగ్రత్తగల మనిషి ఎవరుంటారులే అని అదే పెట్టాను."

ఆయన నెమ్మదిగా, సగం ట్యూబు ఇంకా ఫ్రిజ్‌లో ఉందని, నేను ఏం చేయమంటే అది చేస్తానని చెప్పి పెట్టేశాడు.

బొంగురు గొంతు, గడ్డం కింద మాస్కు, కిటికీ వరస, వదిన చూపు. ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. నిజం చెబుతున్నాను, ఆ మధ్యాహ్నమంతా నేను మంచిదాన్ని కాదు. కంట్రోల్‌లో వైరస్ వస్తే మా వాళ్లెవరైనా చుక్క కలిసిందనే అనుకుంటారు. మా చదువే మాకు అలా నేర్పింది. ఆ ట్యూబు ఎవరిదని ఎవరూ అడగరు. బ్యాచ్ పాడైందని రాసేస్తే ఫైలు మూసుకుపోతుంది. నా పేరు బయటికొస్తే నేను తొమ్మిది నెలలు కట్టింది ఏమవుతుంది? జాగ్రత్తలు నేర్పడానికి వచ్చిన మనిషే వార్డుకి అంటించిపోయిందంటే, ఎనిమిది ల్యాబుల్లో ఎవరు నా మాట వింటారు? ఇలా మూడు గంటలు కూర్చున్నాను. టీ చల్లారి మీద మీగడ కట్టింది. చివరికి నన్ను లేపింది నా మంచితనం కాదు. అన్నయ్య మళ్లీ ఫోన్ చేసి, వదిన తన యూనిఫాంలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఆసుపత్రికి తిరిగి ఇచ్చేయడానికి సంచిలో సర్దిందని చెప్పాడు.

చదివే మిషన్ ఉండి, వార్డు శాంపిళ్లు అడుగు పెట్టని ల్యాబు ఒక్కటే ఉంది. యూనివర్సిటీది. ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన దగ్గర తల వంచడం నాకెంత కష్టమో ఆయనకీ తెలుసు. "ఆ ట్యూబు పారేయమని చెప్పుంటే ఎవరికీ తెలిసేది కాదు కదండీ" అన్నారు. అవునన్నాను. "సరే, పంపించండి" అన్నారు. అప్పుడు ఆయనకి పరీక్షల డ్యూటీ. అయినా మిషన్ ఖాళీ చేయించి, ఆ ఒక్క ట్యూబునే విడిగా, పక్కన ఇంకే శాంపిలూ లేకుండా, తనే దగ్గరుండి చదివించారు.

సోమవారం ఫలితం వచ్చింది. చుక్కా కలవలేదు, మన్నూ కలవలేదు. నా వైరస్‌కీ ముగ్గురు రోగుల వైరస్‌కీ ఒక్క అక్షరం తేడా లేదు. వదిన దాంట్లో మాత్రం అదనంగా ఒక అక్షరం మారింది. వదిన నుంచి రోగులకి వెళ్లి ఉంటే ఆ అక్షరం వాళ్లలో కూడా ఉండాలి. లేదు. ఆ ఒక్క అక్షరాన్ని మాత్రమే చూపిస్తే కమిటీ నమ్మకపోవచ్చు. మొదటి మనిషి దొరికింది కాబట్టి ఇక అనుమానానికి చోటే లేదు. నలుగురికీ అంటించింది నేనే.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి వెళ్లాను. మాస్కు పెట్టుకుని, పొద్దున చేయించుకున్న టెస్టు కాగితం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కాగితం చూసి, నన్ను చూసి, లోపలికి రమ్మంది. నేను మొదలుపెట్టేలోపే అడ్డుపడింది.

"నాకు తెలుసు. గుమ్మంలో నీ గొంతు విన్నప్పుడే అనుకున్నాను. నాకు జ్వరం వచ్చిన రోజు ఖాయమైంది."

తెలిస్తే కమిటీకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమని చెప్పను? ఇన్‌చార్జిని నేను. నీ గొంతు తేడాగా ఉందని తెలిసి కూడా, ఇంటిమనిషివని లోపలికి రానిచ్చింది నేను. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి గుమ్మం దగ్గర మొహమాటపడ్డాను. అది నా తప్పు కాదా? పైగా నీ పేరు చెబితే నీ ఎనిమిది ల్యాబులూ ఎనిమిది దారులు పట్టేవి. దానికోసం నువ్వెంత తిరిగావో చూసినదాన్ని. ఒక్క ఉద్యోగం పోతే నాది పోతుంది, అది పోతే ఎంతమందికి నష్టమో నువ్వే కదా చెప్పేదానివి."

అమ్మ పోయాక నా కోసం ఎవరైనా ఇంత పెద్ద మాట మింగి కూర్చుంటారని అనుకోలేదు. ఆవిడ మీద అనుమానపడిన ఆ ఒక్క క్షణం గురించి కూడా చెప్పేశాను. "పడకపోతే నువ్వు నువ్వెట్లా అవుతావు" అని నవ్వింది. సంచిలో సర్దిన యూనిఫాంలు తీసి నేనే బీరువాలో పెట్టాను. ఆవిడ వద్దనలేదు.

శుక్రవారం కమిటీ ముందు రెండు ల్యాబుల కాగితాలూ పెట్టి, సున్నా నంబరు నాదేనని చెప్పాను. వదిన తన గుమ్మం తప్పు తను చెప్పింది. సూపరింటెండెంటు గారు కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. ఒంట్లో బాగాలేనిది దాచి డ్యూటీకి వచ్చిందన్న మాట కొట్టేసి, సోమవారం నుంచి డ్యూటీలో చేరమన్నారు. బయటివాళ్లని రానిచ్చినందుకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. వదిన దాన్ని బహుమతిలా మడిచి పర్సులో పెట్టుకుంది. నాకు మా ఆఫీసు నుంచి మెమో వచ్చింది, మూడు నెలలు ఏ ల్యాబుకీ వెళ్లి నేర్పకూడదని. న్యాయమే.

తర్వాతి బుధవారం మీటింగులో అందరూ రాకముందే తెర ముందు కూర్చున్నాను. భద్రం గారిని అందరి ముందూ తిట్టాను కాబట్టి అందరి ముందే క్షమించమని అడిగాను. ఆయన ట్యూబు పారేసి ఉంటే మా వదిన బతుకు పారేసినట్టయ్యేదని చెప్పాను. నెట్‌వర్క్ బాధ్యత ఇంకెవరైనా తీసుకోండి, నాకు అర్హత లేదని కూడా అన్నాను. భద్రం గారు మామూలుగానే నెమ్మదిగా, ఈ వారం శాంపిళ్లు పదకొండు పంపుతున్నాను, పన్నెండోది నాది, ఇకమీదట పనిచేసేవాళ్ల ముక్కులు కూడా వారం వారం చూడాలి కదా అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు తమవీ పంపుతామన్నారు. మీటింగు మధ్యలో ప్రొఫెసర్ గారి నుంచి అందరి మెయిళ్లకీ ఒక జాబితా వచ్చింది. తొమ్మిది నెలలుగా నేను అడుగుతున్న జాబితా, మొదటి శాంపిల్ నుంచీ, ఒక్కటి కూడా దాచకుండా. నేను నోరు తెరవబోతే, "మీ ముక్కు కంటే మా డేటా గొప్పదేం కాదులెండి" అన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా. ఆ రోజు వరకు మేం ఎనిమిది ల్యాబులం. మా నెట్‌వర్క్ పుట్టినరోజు ఎప్పుడని ఎవరైనా అడిగితే నేను ఆ బుధవారమే చెబుతాను.

ఇంకొక్క పని మిగిలింది. ముగ్గురు రోగులకీ విషయం తెలియాలని వదినా నేనూ అనుకున్నాం. మిగతా ఇద్దరికీ వాళ్ల ఇళ్లకి వెళ్లి చెప్పాను. ఒకావిడ విని మొహం తిప్పుకుంది, అది ఆవిడ హక్కు. డ్రైవర్ తాతగారు అప్పటికే వార్డుకి తిరిగొచ్చారు. టెస్టు చేయించుకుని, వదిన నా కాగితం రెండుసార్లు చదివి, మాస్కు సరిచేసి పంపితే లోపలికి వెళ్లాను. కిటికీ వరసలో అదే మంచం. మనిషి సగమయ్యారు. నన్ను చూడగానే కళ్లు మెరిశాయి.

"వచ్చావా అమ్మాయీ. సగంలో వదిలేసి పోయావు. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఎట్లా పట్టుకుంటారో చెప్తానన్నావుగా."

మంచానికి దూరంగా కుర్చీ వేసుకుని చెప్పాను. కాపీ కొట్టే పిల్లల సంగతి, మారిన ఒక్క అక్షరం సంగతి, పారేయని ట్యూబు సంగతి. చెబుతూ చెబుతూ చివరికొచ్చాను. ఇక అదీ చెప్పాలి కదా. ఆ మొదటి మనిషిని నేనే తాతగారూ, మీకు ఆక్సిజన్ పెట్టేదాకా తెచ్చింది నేనే అన్నాను.

మిషన్ తిరుగుతోంది. ఆయన పైకప్పు వంక చూశారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ముప్పై ఏళ్లు బస్సు నడిపానమ్మా" అన్నారు చివరికి. "రోడ్డు మీద గుద్ది పోయినవాళ్లని లెక్కలేనంత మందిని చూశాను. ఆగి, దిగి, వెనక్కి నడిచొచ్చినవాళ్లని ఇద్దర్నే చూశాను. నీతో ముగ్గురు."

నేను ఏడ్చాను. అణుచుకోవాలని కూడా చూడలేదు. చెయ్యెత్తి దణ్ణం పెడితే, ఆయన సూది లేని చేతిని కాస్త పైకెత్తారు. వదిన ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో తెలియదు. నా చేతిలో కొత్త మాస్కు పెట్టింది.

"అది తడిసిపోయింది. బయటికెళ్లి మార్చుకుని రా" అంది.

బయటికెళ్లి మార్చుకుని వచ్చాను. గుమ్మం దగ్గర ఆగితే, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పక్కకి జరిగి దారి ఇచ్చింది.